గీత మీద పసుపు

నేను చెప్పే కథల్లో సగం నీళ్లుంటాయని నరసరావుపేటలో అందరికీ తెలుసు. సాగర్ కాలవలో మొసలి నా చేతి గడియారాన్ని మింగిందనీ, ఇప్పటికీ అది దగ్గరికొస్తే టిక్కుటిక్కుమని వినిపిస్తుందనీ చెప్పినవాణ్ణి నేనే. గోపాలరావు సంగతిలో మాత్రం నీళ్లు కలపలేదు. అందులో కలిసినవి పసుపూ సున్నమూ. వాటిని కలిపింది కూడా నేను కాదు.

గోపాలరావుది విత్తనాల కొట్టు. ఈపూరు నుంచీ వినుకొండ నుంచీ వచ్చే రైతులు సంచి మీది అచ్చు చదవరు. ఆయన మొహం చూసి, "మొలుస్తదా రావుగారూ?" అని అడుగుతారు. గింజలు నాలుగు అరచేతిలో పోసుకుని ఆయన "మొలుస్తది" అంటే చాలు, బస్సెక్కి వెళ్లిపోతారు. "ఈసారి వద్దయ్యా, నా దగ్గరున్న సరుకు బాగాలేదు" అని చెప్పి పక్క కొట్టుకు పంపిన రోజులూ ఉన్నాయి. నాన్న ఇచ్చిన కొట్టు కన్నా ఆ మాటే ఆయన అసలు ఆస్తి.

ఒళ్లు పెరిగి, షుగరు మొదలై, డాక్టరు చెమట పట్టించమంటే యాభయ్యో పడిలో మా క్లబ్బులో టెన్నిస్‌కు చేరాడు. మాకున్నది ఒక్క మట్టి కోర్టు. మౌలాలీ రోజూ దాన్ని తడిపి, చిమ్మి, సున్నంతో గీతలు గీస్తాడు. గోపాలరావుకు రోజూ ఎదురాడేది దావూద్. స్టేషన్ రోడ్డులో పరుపుల కొట్టు. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు. దావూద్ ఆయన్ని "బావా" అంటాడు.

గోపాలరావు కుడిచేతి దెబ్బను చూసి తీరాలి. బంతి దగ్గరికి రాగానే మణికట్టు గిర్రున తిరిగిపోయేది, దుక్కిలో వడ్లు చల్లినట్టు. ఒక బంతి అట్లాగే లేచి కోటప్పకొండ చుట్టూ ప్రదక్షిణ చేసి వచ్చిందని నేను చెబుతుంటాను. గోడ దాటింది మాత్రం నిజం.

"బావా, కొడతన్నావా, చల్లతన్నావా? వానలు పడితే కోర్టులో మొలకలొస్తయ్!" అనేవాడు దావూద్.

ఆ నవ్వు గోపాలరావుకు గుచ్చుకుంది. ఫోన్లో చూసి సాధన సామాన్లు తెప్పించడం మొదలుపెట్టాడు. ముందొచ్చింది బరువు దిమ్మకు రబ్బరు తాడుతో కట్టిన బంతి. ఎంత కొట్టినా తిరిగి మన దగ్గరికే వస్తుంది. డాబా మీద పెట్టి కొడితే అది తిరిగొచ్చి ఆయన కళ్లజోడు ఎగరగొట్టింది. ఆ తర్వాత మణికట్టు వంగకుండా బిగించే ప్లాస్టిక్ పట్టీ వచ్చింది. చిన్నప్పుడు గుంటూరు కాన్వెంటులో నా దస్తూరి బాగుచెయ్యాలని సిస్టరు నా చేతికి స్కేలు కట్టింది. నా దస్తూరి ఇప్పటికీ కోడి గీసినట్టే ఉంటుంది. అందుకే పట్టీ మీద నాకు ఆశ కలగలేదు. అలవాటు కావాలని ఆయన దాన్ని కొట్లో కూడా తొడుక్కునేవాడు. చెయ్యి విరిగిందనుకుని రైతులు అరటిపళ్లు తెచ్చారు. నిజం చెబితే నవ్విపోతారని, అబద్ధం నోట రాదని, ఆ పళ్లు తీసుకుని తలొంచుకుని కూర్చున్నాడు పాపం.

పట్టీతో చెయ్యి కాస్త కుదురుకుంది కానీ దెబ్బకు బలం రాలేదు. ఎందుకో ఆయనకు తెలిసింది దసరా నవరాత్రుల్లో, భార్య విశాలాక్షి వల్ల. ఆయుధపూజ ఇంకా దూరం ఉండగానే ఆవిడ కొట్లో కాటా నుంచి ఇంట్లో కత్తిపీట దాకా అన్నీ కడిగి పసుపు పూస్తోంది. అదే చేత్తో రాకెట్టు వలకు కూడా తడి పసుపు పామింది.

"వలకెందుకే, తీగలు పాడైతయ్."

"ఇన్ని డబ్బాలు తెప్పించుకున్నారు, ఆ తల్లికి ఒక్క దణ్ణమన్నా పెట్టుకున్నారా? అందుకే ఆట రావట్లా."

తుడవడానికి భయపడి అట్లాగే డాబా మీదికెళ్లి తాడు బంతిని కొట్టాడు. ఆగి చూస్తే వల నడుమ పసుపు చెక్కుచెదరలేదు. అంచు పక్కనే తుడుచుకుపోయింది. అంటే ఇన్నాళ్లూ బంతిని అంచుతో కొడుతున్నాడన్నమాట! ఆ రోజు నుంచీ పసుపే ఆయనకు గురువు. పొద్దున్నే పూసుకోవడం, కొట్టడం, మరక ఎక్కడ చెరిగిందో చూసుకోవడం. అంగుళం అంగుళం జరిగి చెరుపు నడుమకు వచ్చింది. దావూద్ నవ్వడం మానేశాడు.

విజయదశమి పొద్దున మా క్లబ్బులో ఏటా పోటీ. ఆఖరి ఆట వీళ్లిద్దరి మధ్యే పడింది. గోపాలరావు పసుపు రాకెట్టుతోనే దిగాడు. పసుపుపచ్చ బంతికి పసుపంటితే ఎవరికి కనబడుతుంది? మా దగ్గర అంపైరు లేడు. ఎవరి వైపు పడ్డ బంతి సంగతి వాళ్లే చెప్పాలి.

స్కోరు సమానమై టైబ్రేక్ దాకా వచ్చింది. దావూద్ ఒక పాయింటు ముందున్నాడు. ఇంకొక్కటి వస్తే కప్పు అతనిది. గోపాలరావు మంచి దెబ్బ కొట్టాడు, నడుమ తగిలిన చప్పుడు కుర్చీల దాకా వినిపించింది. దావూద్ పరిగెత్తి ఎట్లాగో అందుకుని ఎత్తి కొట్టాడు. బంతి వెనక గీత మూలన పడింది.

"అవుట్!" అన్నాడు గోపాలరావు.

దావూద్ ఒక్క క్షణం నిలబడి, "సరే బావా" అన్నాడు. అంతే. విత్తనాల గోపాలరావు చెప్పాక ఇంక మాటేముంది?

ఆయన వెనక్కి నడిచి గీత దగ్గర ఆగాడు. మౌలాలీ గీసిన సున్నం ఇంకా తడిగానే ఉంది. దాని మీద పావలా అంత పసుపు మరక. ఆయన చూస్తుండగానే అది నారింజ రంగుకు తిరిగి, కుంకుమ బొట్టులా ఎర్రబడింది. బంతి గీత మీదే పడింది. ఆ సంగతి మరక పుట్టకముందే ఆయన కంటికి తెలుసు. నోరు మాత్రం తొందరపడింది.

చెప్పెయ్యాల్సింది. చెయ్యెత్తి "దావూదూ, లోపలే" అంటే అయిపోయేది. ఆయన కాలు జరిపి తెల్ల బూటు ఆ మరక మీద పెట్టాడు.

ఆ మూల వదలకుండా ఆడాడు తరవాత. సర్వీసు కూడా అక్కడి నుంచే. కొత్త ఎత్తు కాబోలనుకున్నాం మేము. దావూద్ ఒక బంతిని నెట్‌కు కొట్టాడు, ఇంకోటి బయటికి కొట్టాడు. గోపాలరావు గెలిచాడు. ఫోటోకు రమ్మంటే రాడు. "ఇక్కడే తీయండి" అంటాడు. చివరికి దండ పట్టుకుని మేమే వెళ్లాం. పదిమంది తొక్కిడిలో గీత చెదిరిపోయింది. నవ్వమంటే ఆయన నవ్వలేదు. గెలిచినా గర్వం లేదని మెచ్చుకున్నాం.

ఇంటికెళ్లేసరికి విశాలాక్షి గుమ్మంలో పళ్లెంతో నిలబడి ఉంది.

"ఆగండాగండి, కాలు పెట్టమాకండి. ఊరు ఊరంతా మీ మీదే కళ్లు పెట్టుంటది. దిష్టి తీస్తా." పళ్లెంలో పసుపు నీళ్లున్నాయి. "అయ్యో, సున్నం వెయ్యడం మర్చిపోయా" అని వేలితో ఇంత సున్నం వేసి కలిపింది. నీళ్లు గిర్రున తిరిగి ఎర్రబడ్డాయి.

గోపాలరావు ఆ పళ్లెంలోకి చూసి కళ్లు దించుకున్నాడు. ఆవిడ చూపు కూడా కిందికి దిగింది.

"బూటుకేందండీ ఎరుపు? దెబ్బ తగిలిందా?"

"దెబ్బ కాదు."

"మరి?"

ఆవిడ వంగి బూటు చూసింది, చేతిలో పళ్లెం చూసింది. రాకెట్టుకు పసుపు పూసింది తనే. గీతలు సున్నంతో గీస్తారనీ తెలుసు. దిష్టి తీయడానికి ఎత్తిన పళ్లెం మెల్లగా గడప పక్కన పెట్టేసింది.

"అన్నయ్య బంతా?" అంది. దావూద్‌ను ఆవిడ అట్లాగే పిలుస్తుంది.

"ఊఁ."

"భోజనం తరవాత పెడతా. ముందు పోయి రండి."

ఆ బూట్లతోనే స్టేషన్ రోడ్డుకు నడిచాడు. పండగపూట కొట్టు మూసుంటుందనుకున్నాడు, మూసుంటే బాగుండుననీ అనుకున్నాడు. తెరిచే ఉంది. దావూద్ పరుపు గలేబుకు కుట్లు వేస్తున్నాడు.

"దావూదూ, ఆ బంతి లోపలే పడింది."

"తెలుసులే" అన్నాడు దావూద్, సూది ఆపకుండా.

"చూశావా?"

"బంతిని చూళ్లా. నీ కాలు చూశా. ఎప్పుడూ కోర్టంతా ఎగిరే మనిషివి, ఆ మూలన పాతేసిన గుంజలాగా నిలబడితివి. ఆ కాలు కిందేముందా అని చూస్తా చూస్తా రెండు బంతులు పోగొట్టుకున్నా."

"మరి అడగలేదేంది?"

"ఏమని అడగాల? గోపాలరావు అబద్ధమాడాడని మైకులో చెప్పాల్నా?" దావూద్ దారం కొరికాడు. "దండలేసినాక గూడా కుర్చీలో కూర్చునే ఉన్నా బావా. మౌలాలీ కుర్చీలు మడిచిందాకా ఉన్నా. నువ్వొచ్చి చెబుతావేమోనని."

గోపాలరావుకు పరుపుల మీద కూర్చోవాలనిపించింది గానీ కూర్చోలేదు. "రేపు పొద్దున అందరి ముందూ చెబుతా. కప్పు నీదే."

"కప్పు నేనేం చేసుకోను? చెప్తే చెప్పు. చెప్పకపోతే నీకు నిద్ర పట్టదు, నా పరుపు బాగాలేదని నా మీదికొస్తావ్."

మర్నాడు పొద్దున కాఫీల వేళకు గోపాలరావు కప్పు పట్టుకుని వచ్చాడు. అందరం ఉన్నాం. నిలబడి చెప్పాడు. బంతి గీత మీద పడిందని, తను చూసే అవుటన్నానని, బూటుతో కప్పిపెట్టానని.

సెక్రటరీ లేచి ఆయన భుజం తట్టాడు. "చూశారా, మనిషంటే ఇట్టా ఉండాల. స్నేహితుడు ఓడి బాధపడతన్నాడని తప్పు తన మీదేసుకుంటన్నాడు!"

"కాదండీ, నిజంగానే..."

"ఊరుకోండి రావుగారూ. మీరు అబద్ధమాడారంటే మేం నమ్మాల్నా? చానా పెద్దమనసు మీది."

చప్పట్లు కొట్టారు. గోపాలరావు కోర్టు మూలకు పరిగెత్తాడు, మరక చూపిద్దామని. మౌలాలీ అప్పటికే తడిపి, చిమ్మి, కొత్త సున్నంతో గీత గీసేశాడు. తెల్లగా మెరుస్తోంది. వెనక్కి తిరిగి బూటు చూపించాడు. అదీ లేదు, విశాలాక్షి రాత్రే ఉతికి తెల్ల పాలిష్ పూసేసింది. చప్పట్లు ఇంకా మోగుతుండగా ఆయన మొహం దాచుకోవడానికి చోటులేనివాడిలా నిలబడ్డాడు.

నేను నమ్మాను. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అబద్ధాలు అల్లుతున్నవాణ్ణి, నిజం చెప్పేవాడి చెమట నాకు తెలియదా? ఆయన వైపే మాట్లాడాను కూడా. నా మాట నమ్మేదెవరు?

దావూద్ నెట్ దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. "అయిపోయింది బావా. ఇంక నువ్వెంత మొత్తుకున్నా ఎవరూ ఇనరు. నీ మంచితనాన్ని నువ్వే మోసుకోవాల."

కప్పు క్లబ్బు బీరువాలో ఉంది. ఇద్దరూ ఇంటికి తీసుకెళ్లలేదు. ఇప్పటికీ గోపాలరావు వైపు బంతి గీత దగ్గర పడితే ఆయన ఏమీ అనడు. రాకెట్టు కింద పెట్టి, నడిచి వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని చూస్తాడు. చూసేవాళ్లు ఆయన నిజాయితీకి మురిసిపోతారు. అవతల దావూద్ ఒక్కడే, ఆయన లేచేదాకా తల పక్కకు తిప్పుకుని ఉంటాడు.