పాల్మాకులకు సముద్రం ఎంత దూరం

భూమిలోని ట్యాంకులోంచి కొలబద్దను పైకి లాగగానే వచ్చే పెట్రోలు వాసన నన్ను ఇప్పటికీ సూర్యారావుగారి ముందు నిలబెడుతుంది. ఈ ఉదయమూ నిలబెట్టింది. పాల్మాకుల దగ్గర హైవే మీద మా బంకుకు అప్పట్లో ఆయన మేనేజరు. కాకినాడ మనిషి, నడిసముద్రంలో చమురు తీసేచోట చాలాకాలం పనిచేసినవారు. నేను ఆయన కింద సూపర్‌వైజర్ని, అంటే ఆయన ప్రశ్నలకు తప్పు జవాబులు చెప్పే ఉద్యోగిని.

ఒకసారి ఆయన సెలవులో ఉండగా, సముద్రంలో కొత్త బావి నుంచి చమురు మొదలైందని పేపర్లో చదివాను. ఇక ధర దిగడమే తరువాయి, తొందరపడి కొనడమెందుకని పెట్రోలు లారీకి ఆర్డరు పెట్టలేదు. ధర దిగలేదు, ట్యాంకు దిగింది. మూడోరోజు పొద్దున 'స్టాకు లేదు' బోర్డు పెట్టాను. షాద్‌నగర్ నుంచి ఎయిర్‌పోర్టు డ్యూటీకి పోతున్న ఒకతను బైకు తోసుకుంటూ వచ్చి దాన్ని చూశాడు.

"ఏందన్నా, బంకు పెట్టుకొని గిట్ల జేస్తే ఎట్ల?" అని, మళ్లీ తోసుకుంటూ పోయాడు.

సంగతి తెలిసి యజమాని నన్ను పనిలోంచి తీసేయమన్నాడు. అప్పుడే తిరిగొచ్చిన సూర్యారావుగారు సాయంత్రం చెబుతానని ఫోను పెట్టేసి, నన్ను నీళ్ల డ్రమ్ము దగ్గరికి తీసుకెళ్లారు. కింద కుళాయి పూర్తిగా తిప్పి, మగ్గు చేతికిచ్చి, పక్క బకెట్లోంచి పోస్తూ ఉండమన్నారు. ఎంత పోసినా డ్రమ్ములో మట్టం దిగుతూనే ఉంది.

"నువ్వు పోసిందంతా ఏమైందయ్యా?"

"పోయింది సార్. పోయకుంటే ఇంకా జల్ది దిగుతుండె."

"మా సముద్రం చేసే పని అదే. పాత బావులు తగ్గుతుంటాయి, బళ్లు పెరుగుతుంటాయి. మిగతాది పరాయిదేశం నుంచి ఓడల్లో రావాల్సిందే."

పైగా సముద్రంలో వచ్చేది పెట్రోలు కాదట, ముడిచమురట. శుద్ధి చేసి, గొట్టాల్లో పంపి, లారీలో నింపితేగాని మనదాకా రాదట. నా నోరు ఊరుకోదు కదా.

"మరి అన్నేండ్లు మీరు మగ్గుతోని పోసుడేనా సార్?"

ఆయన చాలాసేపు నవ్వారు. "ఆపి చూడు, తెలుస్తుంది."

ఆపాను. మట్టం గబగబా దిగిపోయింది. నేను కంగారుగా మళ్లీ పోయడం మొదలుపెట్టాను.

సాయంత్రం ఆయన యజమానితో ఒక్కమాటే అన్నారు: "కొలవడం నేర్చుకున్నాడండీ, ఉండనివ్వండి."

ఆయన కాకినాడ వెళ్లిపోయాక ఆ కుర్చీలో నేను కూర్చుంటున్నాను, అది నాకు ఇంకా కాస్త వదులుగానే ఉంది. ఈ ఉదయం పేపర్లో మరో బావి వార్త వచ్చింది. నిజంగానే సంతోషించాను. తర్వాత కొలబద్ద తుడిచి, లారీకి ఆర్డరు పెట్టాను.