టక్‌టక్ దొరను వెతుక్కుంటూ చేవెళ్లకు

ఈ ప్రయాణం నా సరదా కోసం మొదలైంది కాదు. మా ఇంటి పైగదిలో నెల రోజులకు దిగిన బ్రిజిడ్ అనే ఐర్లండ్ ఆవిడ ఒక సాయంత్రం టీ తాగుతూ తన తాత సంగతి చెప్పింది. వందేళ్ల కిందట అక్కడ స్వాతంత్ర్యం కోసం తుపాకులు పట్టినవాళ్లను అణచడానికి బ్రిటిష్ వాళ్లు నడిపిన పోలీసు దళంలో ఆయన పనిచేశాడట. పుట్టింది అక్కడే, పట్టుకెళ్లిందీ సొంత ఊరివాళ్లనే. తర్వాత అక్కడ తలెత్తుకోలేక, భార్యనూ కూతురినీ వదిలేసి మన దేశం వచ్చి, చేవెళ్ల వైపు ఒక మిషన్ దవాఖానకు మందుల బండి నడిపాడు. ఇప్పుడు ఐర్లండ్‌లో ఆయన సొంత ఊరివాళ్లు ఆ రోజుల గురించి పుస్తకం వేస్తున్నారు. ఆయన ఫోటో కింద ద్రోహి అని రాయాలని కొందరు, జీతం కోసం చేరిన పేదవాడని రాయాలని కొందరు. ఎటూ తేలక, ఆ ఒక్క వాక్యం మనవరాలినే రాసిమ్మన్నారు. డెబ్బై ఏళ్ల మనిషి ఒక్క వాక్యం కోసం ఇంత దూరం వచ్చింది. నాకేమో కిరాణా సామాన్ల చీటీ రాయడానికే బద్ధకం.

అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్‌లో వంట చేసే సామెల్ నాకు పాత పరిచయం, సొంతూరు చేవెళ్ల దగ్గరే. ఫోన్ చేస్తే, "మా అవ్వకు ఎరుకుంటది మేడం. ఆదివారం చర్చి అయినంక రండి" అన్నాడు. మెహదీపట్నంలో తొమ్మిదింటికి ఆర్టీసీ బస్సెక్కాం. ఇక్కడి ఆధార్ ఉన్న ఆడదాన్ని కాబట్టి నాకు ఉచితంగా జీరో టికెట్, బ్రిజిడ్‌కు అరవై రూపాయల లోపే. నా టికెట్ చూసి ఆవిడ కాసేపు అసూయపడింది. మొయినాబాద్ మీదుగా పదిన్నరకు చేవెళ్లలో దిగి, బస్టాండు ఎదుట ఇడ్లీ తిని, సామెల్ వాళ్ల ఊరికి ఆటో మాట్లాడాను.

"పోయి వచ్చుడుకు నాలుగు నూర్లియ్యండి. ఇంగ్లీషు మేడం ఉన్నదని ఎక్కువ చెప్తలేను" అన్నాడు డ్రైవర్.

ఆ ఒక్క మాట బ్రిజిడ్ పట్టేసింది. ఇంగ్లీష్ కాదు, ఐరిష్ అని గట్టిగా చెప్పింది. నేను తేడా వివరించబోతే, "సమజైంది మేడం. మమ్ముల్ని ఆంధ్రోళ్లంటే ఎట్లుంటది, గట్లనే కదా!" అన్నాడు. ఇంతకంటే బాగా చెప్పడం నా వల్ల కాదు.

సామెల్ అవ్వ పేరు ఎస్తేరమ్మ, ఎనభై దాటాయి. బ్రిజిడ్ ఇచ్చిన తాత ఫోటోను కళ్ల దగ్గర పెట్టుకుని చూసి, "ఓ, టక్‌టక్ దొర!" అని నవ్వింది. "మనం ఎవ్వలింటికి పోయినా బయట నిలవడి పిలుస్తం గదా. గీయనకు పిలుసుడు రాదు. టక్‌టక్ కొట్టి, మూడడుగులు ఎనుకకు జరిగి ఎండల నిలవడుతుండె. మా గుడిసెకు తలుపు యాడిది, తడిక! గా తడికనే కొడుతుండె. పటేల్ మనుషులు వస్తె తంతుండ్రి. గీయన మాత్రం మా అమ్మ రెండోసారి రమ్మంటెనే గడప తొక్కుతుండె."

నేను ఇంగ్లీషులో చెబుతుంటే బ్రిజిడ్ కళ్లు తుడుచుకుంది. వాక్యం దొరికిందని నేను సంబరపడ్డాను. కానీ ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "ఇది కూడా ఆమెకు చెప్పు. మా వీధి చివర ఒక ఇల్లుంది. ఒక తెల్లవారుజామున మా తాత ఆ ఇంటి తలుపు బూటుకాలితో తన్ని, అన్నదమ్ములిద్దరినీ లాక్కెళ్లాడు. చిన్నవాడు తిరిగి రాలేదు" అంది.

నవ్వుతున్న ముసలామెకు ఇది చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. "అక్కడ కొంచెం కఠినంగా ఉండేవాడట అవ్వా" అని తేల్చేశాను. బ్రిజిడ్ నా వైపు చూసి, "నేను చెప్పింది అంత పొట్టిగా ఉందా?" అని అడిగింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఈసారి ఒక్క ముక్క వదలకుండా చెప్పాను.

అవ్వ ఫోటో వైపు చూసి, "గందుకేనా అంత దూరం జరుగుడు" అంది మెల్లగా. అవ్వ చెప్పిన మంచి మాట ఆ ఇంటివాళ్లకు చెప్పవచ్చా అని బ్రిజిడ్ అడిగించింది.

"వద్దు బిడ్డా. మాకు మంచిగున్నడు, అబద్ధం కాదు. గని గా ఇంటోళ్లకు చెప్తె పుండు మీద కారం చల్లినట్టయితది. ముందుగాల వాళ్ల మాట రాయి. జాగ ఉంటె నాది రాయి."

తర్వాత సామెల్ జొన్నరొట్టె, నాటుకోడి కూర, పచ్చిపులుసు పెట్టాడు. డబ్బు మాటెత్తితే కోప్పడ్డాడు. మీరూ ఆదివారం ఈ వైపు వెళ్తే మూడింటి లోపే తిరుగు బస్సెక్కండి. ఆ తర్వాత ఫామ్‌హౌస్‌ల కార్లన్నీ ఒక్కసారిగా రోడ్డెక్కుతాయి. మేము అయిదింటికి ఎక్కి మొయినాబాద్ దగ్గర గంటసేపు ఇరుక్కుపోయాం.

ఆ గంటలో నాకు కోపం రాలేదు. కడుపు నింపిన సామెల్ మీద, చేదు నిజాన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకున్న ఆ అవ్వ మీద, నా అరకొర అనువాదాన్ని ఒప్పుకోని బ్రిజిడ్ మీద మనసు నిండా కృతజ్ఞత. ఆవిడ సంచిలోంచి నోటుపుస్తకం తీసి, తాత తన్నిన తలుపు గురించీ, తిరిగి రాని కుర్రవాడి గురించీ ఒకే వాక్యం రాసింది. కింద రెండు వరుసలు ఖాళీగా వదిలేసింది.

"జాగా ఉందిగా, అవ్వ మాట రాయవా?" అన్నాను.

"జాగా ఉందో లేదో చెప్పాల్సింది ఆ ఇంటివాళ్లు" అని పుస్తకం మూసింది.