అలమరలో మేపుల్ బీరు

నిద్రపోతున్న పిల్లల తలగడల పక్కనున్న అలమరలోంచి బుస్సుమని చప్పుడు వచ్చింది. కెనడాలోని సార్నియాలో మేం రెండు రోజులకని దిగిన బేస్‌మెంట్ అది. ఇద్దర్నీ లాక్కుని మెట్లెక్కేలోపే లోపల సీసాలు పేలాయి. తిరిగొచ్చి చూస్తే బాబు తలగడలో గాజుపెంకు దిగి ఉంది.

పేలుడు విని ఇంటి యజమాని రాజు అంకుల్ కిందికి పరుగెత్తుకొచ్చారు. ఆయన సొంతంగా బీరు చేస్తారట, అలమరలోవి ఆ సీసాలే.

“హీటర్ ఎంతలో పెట్టావమ్మా?”

“ఇరవై ఎనిమిది డిగ్రీల్లో, అంకుల్. పిల్లలకి చలేస్తుందని.”

ఆయన తలగడలోంచి గాజుపెంకు పీకి పక్కన పెట్టారు. “నురగ కోసం సీసాల్లో మేపుల్ సిరప్, అదే మేపుల్ చెట్టు తీపి పాకం, పోస్తాం. కొలిచి పోయాలి, ఎక్కువైతే గ్యాస్ పెరిగి సీసా పేలుతుంది. నేను కూరలో ఉప్పేసినట్టు ఉజ్జాయింపుగా పోశాను. దానికి ఈ వేడి తోడైంది. తప్పు నాదేనమ్మా.”

నాది కూడా అని నేను అనలేకపోయాను.

పొద్దున అంకుల్ సీసాల పెంకులు ఊడుస్తుంటే పాప అడిగింది, “హూ బ్రోక్ ఇట్, అమ్మా?”

“నేనే,” అని పాపకీ, అంకుల్‌కీ ఇద్దరికీ చెప్పాను.