ఆకుపచ్చ చార ఉన్న గుట్ట

మొన్న విరుదునగర్‌లో మా చిన్నబ్బాయి ఇంటి వంటగదికి గ్రానైట్ పలక పరుస్తూ, ఇది కొత్త రాయి అవ్వా, ఇప్పుడే వచ్చింది అని మేస్త్రి గొప్పగా చెబుతుంటే నాకు నవ్వు ఆగలేదు. రాయిలో కొత్తదేమిటి? దాని వయసు తెలుసుకోవడానికి ఎంత పాటుపడాలో, ఆ పాటునంతా ఒక్క పూటలో ఎలా చెడగొట్టవచ్చో నాకు తెలిసినంతగా అతనికి తెలియదు.

నా ముప్పయ్యో ఏట, కోవిల్‌పట్టి దగ్గర మా ఊరి నల్లరేగడి చేల అవతల ఉన్న రాతిగుట్టను పరిశోధించడానికి ఆంధ్ర నుంచి ఒక ఆఫీసరు వచ్చి మా ఇంటి ముందుగదిలో దిగాడు. నాకంటే చిన్నవాడే. ఆయనకు వంట చేసేదీ, రాళ్ళ మూటలు మోసేదీ నేనే. గుట్టకు అడ్డంగా ఒక ఆకుపచ్చ చార ఉండేది. అది రాగి జాడ అన్నాడు. రాయీ రాగీ కలిసే పుట్టాయా, రాగి తర్వాత వచ్చి చేరిందా అన్నదే ఆయన తేల్చవలసింది. రాయిలో కంటికి ఆనని గింజలుంటాయనీ, కరిగిన రాయి గడ్డకట్టిన నాటినుంచీ వాటిలో ఒక లోహం మెల్లమెల్లగా సీసంగా మారుతుందనీ, ఎంత మారిందో కొలిచి వయసు చెబుతారనీ అన్నం తింటూ చెప్పేవాడు. అందుకే చారను ఆనుకున్న రాయి ఏది, దూరపు రాయి ఏది అన్నది తప్పిపోకూడదు. రంగు అయిపోయిందని పన్నెండు రాళ్ళమీదా సుద్దతోనే నంబర్లు వేసి వసారాలో పెట్టాడు.

మా ఇళ్ళలో శుక్రవారం రోలూ పొత్రమూ కడిగి బొట్టు పెట్టందే పొయ్యి వెలిగించరు. దుమ్ము పట్టిన ఆ రాళ్ళను అలా వదిలెయ్యడానికి నాకు మనసొప్పలేదు. కొబ్బరిపీచుతో తోమి, పసుపు రాసి, కుంకుమ పెట్టి వరసగా ఆరబెట్టాను.

ఆయన వచ్చి చూసి గడపమీద కూలబడిపోయాడు. సుద్ద నంబర్లు ఒక్కటీ మిగల్లేదు, రెండు నెలలు ఎండలో పడ్డ పాటు నీళ్ళపాలైంది. మా అత్త ఊరుకుంటుందా?

"పాపం ఆ పిల్లోడు రాళ్ళు కొట్టి తెస్తే నువ్వు పూజ చేస్తివా? ఇంక కర్పూరం ఒకటే కొదవ!"

"నువ్వు గమ్మున ఉండు అత్తా. ఏది యాడ కొట్టినారో నాకు తెలుసు. రాండయ్యా, గుట్టకు పోతాము."

చదువు రానిదాన్ని, గుర్తుపెట్టుకోవడం తప్ప నాకు వేరే దారి ఎప్పుడూ లేదు. మూట ఎత్తుకుని పోయి, ఒక్కొక్క రాయినీ దాన్ని కొట్టిన గాటులో ఆనించి చూపించాను. విరిగిన పెంకు కుండకు అతికినట్టు పది అతికాయి. రెండింటికి చోటు తెలియలేదు. ఏదో ఒకటి చెప్పమని ఆయన ముఖం బతిమాలుతోంది.

"తెలీదయ్యా," అన్నాను.

ఆ రెంటినీ అక్కడే పారేసి, ఆయన నాకు దండం పెట్టాడు.

తిట్టి ఉంటే తప్పు అనేదాన్ని కాదు. తిట్టలేదు, రంగుడబ్బా తెప్పించి నా చేతికిచ్చి అంకెలు నేర్పాడు. అంకెలయ్యాక, తరతరాలుగా తమిళనాట ఉన్న మా ఇంటి పెద్దల్లో ఎవరూ చదివి ఎరగని తెలుగు అక్షరాలు దిద్దించాడు. ఆయన ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

ఏడాది తర్వాత ఆయన దగ్గరినుంచి తెలుగులో ఉత్తరం వచ్చింది. రాయే ముందు పుట్టిందట. అది చల్లారి, పగుళ్ళిచ్చి, ఎన్నో కోట్ల ఏళ్ళు గడిచాక వేడినీళ్ళతో రాగి పైకి వచ్చి ఆ పగుళ్ళలో నిలిచిందట. తవ్వుకునేంత మాత్రం లేదట. ఎవరిచేతా చదివించుకోకుండా, కూడబలుక్కుంటూ, ఒక పొద్దంతా నేనే చదివాను.

ఇప్పుడు మా పిల్లలందరూ తమిళంలో పెద్ద చదువులు చదివినవాళ్ళే. ఇంట్లో మాట తెలుగే అయినా, ఆ ఉత్తరం చదవగలిగింది మాత్రం నేనొక్కదాన్నే. మనవరాలు అడిగితే బిగ్గరగా చదువుతాను. అది పక్కన కూర్చుని, ఒక్క మాట పోకుండా, తమిళ అక్షరాల్లో రాసుకుంటుంది.