పలక అవతలి తడిమట్టి

1961 జూన్‌లో, మా ఆయన పోయిన ఏడాదికి, కావలి దగ్గర ఒక హైస్కూల్లో నన్ను ఆయాగా వేసుకున్నారు. గంట కొట్టడం, నీళ్లు మోయడంతో పాటు లాంగ్‌జంప్ గుంట పని కూడా డ్రిల్లు మాస్టారు నాకే అప్పగించారు. పరుగెత్తి వచ్చి దూకే చోట నేలలో ఒక చెక్క పలక ఉంటుంది. దానికి అవతల జానెడు మేర తడి బంకమట్టి పూయాలి. కాలి వేలు మట్టిలో దిగిందంటే ఆ దూకు చెల్లదు. ఒక్కొక్కరికి మూడు దూకులు. టేపు మీద అంకెలు నాకు రావు గానీ, మట్టిలో వేలు కనిపెట్టడం వచ్చు.

తొమ్మిదో తరగతి గ్రేసుకు జిల్లా పోటీలకు వెళ్లాలని ఒకటే పట్టుదల. స్కూలు ఎంపికలో రెండుసార్లు పలక దాటి మట్టి తొక్కింది. మూడోసారి ఎవరూ పడనంత దూరం పడింది. మాస్టారి చూపు ఆమె పడిన చోటే ఉంది. మట్టి చూసింది నేనొక్కదాన్నే. చింతగింజంత గుర్తు. ఆమెకు రెండో వేలు పొడుగు.

"ఏం రమణమ్మా, బాగుండాదా?" అన్నారు మాస్టారు.

"తొక్కిందయ్యా."

మర్నాడు నీళ్లకుండ దగ్గర గ్రేసు నన్ను నిలేసింది. "నోరు మూసుకోనుంటే నీ సొమ్మేం పోయేది అక్కా?"

నేను కుండ నింపి గంట కొట్టడానికి పోయాను. నెల రోజులు నన్ను చూస్తే దారి మార్చి పోయేది. తర్వాత ఒక సాయంత్రం తనే గుంట దగ్గర మట్టి పిసుకుతూ కనిపించింది. "చూస్తా నిలబడ్డావేంది, పూయి" అంది.

పదో తరగతిలో కార్తీకం వానలకు గుంట నిండింది. ఎంపికకు ముందు జారిపడి ఆమె చీలమండ బెణికింది. ఆ ఏడూ పోయింది. అప్పట్లో పదకొండే ఆఖరి తరగతి. పలక దగ్గరికి రాగానే తల వంచి కాళ్లు చూసుకోవడమే ఆమె తప్పని అప్పటికి నాకు తెలిసింది. గుంట అవతల నిలబడి చీపురు ఎత్తి పట్టుకున్నాను.

"కాళ్లెందుకే చూస్తావు, యాడికీ పోవులే! చీపురు చూడు."

"నీ మొహం కంటే చీపురే నయంలే అక్కా" అని నవ్వి దూకింది.

ఆ ఏడు ఎంపికలో మట్టి చెక్కుచెదరలేదు. నెల్లూరు పోటీలకు వెళ్లడానికి నాకు సెలవివ్వలేదు. అక్కడ ఆమెకు ఆరో స్థానం వచ్చింది. రైలు దిగి నేరుగా నా దగ్గరికే వచ్చింది. "మూడు దూకులూ తొక్కలా అక్కా. ఆడ చీపురు లేదు, ఉన్నట్టే చూసినా."

పరీక్షలయ్యాక రైల్వేలో గ్యాంగుమన్ అయిన వాళ్ల నాయనకు బదిలీ అయింది. గ్రేసు మళ్లీ కనపడలేదు. ఇప్పటికీ సముద్రపొడ్డున తడి ఇసుకలో అడుగులు కనిపిస్తే రెండో వేలు చూస్తాను.

ఆమె మా స్కూలు గుంటలో చివరిసారి దూకినప్పుడు ఇసుకలో పడిన మడమల గుర్తులు మూడు రోజులు చెరపలేదు. గంట కొట్టి, వెళ్లి చూసి వచ్చేదాన్ని. నాలుగో రోజు, కింది తరగతి పిల్లలు కాచుకొని ఉన్నారని మాస్టారు కేకలేశారు. బద్దతో చదును చేశాను. పాత గుర్తు అట్లాగే ఉంటే కొత్త దూకు కొలవడం కుదరదు. ఆ గుంట దగ్గర నేను నేర్చుకున్నది అదే.