పద్నాలుగో గదిలో మీవాళ్ళు

2022లో నేను కువైట్‌లోని సులైబియాలో, ఒక కాంట్రాక్టు కంపెనీ లేబర్ క్యాంపుకి క్యాంప్ బాస్‌ని. పేరు చూసి పెద్ద హోదా అనుకోకండి. మూడువందల మంది మంచాలు, వంటగది వంతులు, బాత్రూం నీళ్ళు, అలకలు, అన్నీ చూసుకోవడమే ఆ పని. మాది రాయచోటి దగ్గర పల్లె. పన్నెండేళ్ళుగా అదే పనిలో ఉన్నాను కాబట్టి, ఎవరిని ఏ గదిలో వేయాలో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని పొగరుగా ఉండేది.

నా పద్ధతి ఒక్కటే. కొత్తగా దిగినవాణ్ణి ఏ జిల్లా, ఏమిటోళ్ళు అని అడిగి వాళ్ళవాళ్ళ మధ్యే బెడ్ ఇచ్చేవాణ్ణి. రూం చార్ట్ అని ఒక కాగితం ఉంటుంది. ఏ గదిలో ఏ మంచం ఎవరిదో అందులో రాయాలి. జగిత్యాలవాళ్ళు ఒకచోట, మా కడపవాళ్ళు ఒకచోట. ఒకే రకం కూర తినేవాళ్ళు కలిసి ఉంటే సగం గొడవలు పుట్టనే పుట్టవు.

ఆ ఏడాది ఆదిలాబాద్ వైపు నుంచి ఆత్రం జంగు వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి, స్కాఫోల్డింగ్ పని, అంటే కట్టడం చుట్టూ ఇనుప గొట్టాలతో మంచె కట్టడం. ఏమిటోళ్ళని అడిగితే, ఎస్టీలం సార్, గోండులం అన్నాడు. నా చెవికి ఎస్టీ అన్న ముక్కొకటే ఎక్కింది. పద్నాలుగో గదిలో జాదవ్ గోవింద్, అతని చుట్టాలు ముగ్గురు ఉన్నారు. లంబాడీలు. అదే జిల్లా, వాళ్ళూ ఎస్టీలే. మంచం ఒకటి ఖాళీగా ఉంది. నీ అదృష్టం, మీవాళ్ళే దొరికారు పో అన్నాను. జంగు నా మొహంలోకి ఒకసారి చూసి, పెట్టె ఎత్తుకుని వెళ్ళాడు.

మా సీమలో లంబాడీల్ని సుగాలీలంటాం, వాళ్ళ తండాలు ఎరుగుదును గానీ, గోండుల్ని నేను అంతకుముందు చూసి ఎరగను. లంబాడీలను ఎస్టీ జాబితా నుంచి తీసేయాలని అక్కడ గోండులు ఉద్యమం చేస్తున్నారని నాకేం తెలుసు? వెనకొచ్చి మా భూములూ మా ఉద్యోగాలూ పట్టుకుపోయారన్నది గోండుల మాట. మేమూ తాతలనాటి నుంచి ఇక్కడే చచ్చి బతుకుతున్నాం, ఆ ఎస్టీ కాగితం పోతే మా పిల్లల చదువులేం కావాలన్నది లంబాడీల మాట. పైగా జంగు, గోవింద్‌లవి పక్కపక్క ఊళ్ళు. జంగు తాత దున్నిన చేను ఇప్పుడు గోవింద్ పెదనాన్న సాగులో ఉంది. జంగు కువైట్ వచ్చిందే ఆ చేను పోయి. ఇవన్నీ నాకు ఆలస్యంగా తెలిశాయి.

మొదట్లో బాగానే ఉన్నారు. పొద్దున బస్సుకి జంగుని లేపేది కూడా గోవిందే. తర్వాత ఊళ్ళో గొడవ ముదిరింది. ఫోన్లలో వీడియోలు రావడం మొదలైంది. జంగు వేరుగా వండుకోసాగాడు. ఒకరోజు ఆఫీసుకి వచ్చి నిలబడ్డాడు.

"వేరే రూంల వెయ్యుండ్రి సార్. యాడనన్న సరే. బెంగాలోళ్ళ రూంలనన్న ఉంట."

ఎందుకని అడిగితే చెప్పడు. "ఏమప్పా, మీవాళ్ళతోనే పడకపోతే ఇంగెవరితో పడతాది నీకు?" అని నవ్వి పంపేశాను. ఇంకో రెండుసార్లు వచ్చాడు. మూడోసారి నేను తల కూడా ఎత్తలేదు. క్యాంపులో అప్పటికి రెండు బెడ్లు ఖాళీగానే ఉన్నాయి.

ఒక శుక్రవారం, సెలవు పూట, గోవింద్ చుట్టం ఒకడు ఊళ్ళో మీటింగు వీడియో గట్టిగా పెట్టాడు. ఆపమన్నాడు జంగు. మాటా మాటా పెరిగింది. మీ అడవికి పో అన్నారెవరో. జంగు వాళ్ళ మీదికి దూకాడు. మధ్యలో అడ్డం వెళ్ళిన గోవింద్, ఆ తోపుకి మంచం ఇనుప కొసమీద పడ్డాడు. తలకి ఏడు కుట్లు.

మా మేనేజరు ఈజిప్టు మనిషి. రూం చార్ట్ చూసి, "సేమ్ సేమ్ నఫర్. లేష్ ముష్కిల్?" అన్నాడు. ఇద్దరూ ఒకే రకం మనుషులు కదా, గొడవెందుకని. ఇన్సిడెంట్ రిపోర్ట్ రాయమన్నాడు. జరిగిందేమిటో, కారణమేమిటో క్యాంప్ బాస్ రాసిచ్చే కాగితం అది. జంగు మూడుసార్లు గది మార్చమన్నాడు, నేను మార్చలేదు అని రాస్తే జంగుకి వార్నింగుతో పోయేది. అంతకుముందు అలాంటివాళ్ళను ఇద్దర్ని ఆయన వదిలేశాడు. కానీ రాస్తే తప్పు నా నెత్తిన పడుతుంది. నా ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే పర్మిట్, రెన్యువల్ అదే నెలలో ఉంది. భయపడ్డాను. ఒకే వర్గం, సొంత కక్షలు అని రాసి సంతకం పెట్టాను. ఆయన చదివి, "ఖలాస్, సఫర్" అన్నాడు. జంగుని ఇంటికి పంపేయమని.

కట్టుతోనే గోవింద్ నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "జంగు నన్ను కొట్టాలని కొట్టలే సార్. ఊర్ల మేము కొట్లాడుకుంటం, అది మా ఊరి సంగతి. రూం మార్చుమని మీ కాడికి మూడుసార్లు వచ్చిండు గదా, అది రాసిండ్రా?"

"రాసినాలేప్పా," అన్నాను.

జంగుని ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్ళింది నేనే. దారిలో ఉండబట్టలేక, వాళ్ళు మావాళ్ళు కాదని మొదటిరోజే ఒక మాట అనుంటే అయిపోయేది కదా అన్నాను. జంగు కిటికీ వైపే చూస్తూ, "గోండులమని చెప్పిన గదా సార్. మావోళ్ళెవరో మీరే నాకు చెప్పిండ్రు," అన్నాడు. నాకు సిగ్గేసింది.

ఒక మనిషి ఎవరో అతని నోటితోనే వినాలని, గది మార్చమని వచ్చినవాణ్ణి వెటకారం చేయకూడదని ఆ కేసు నేర్పింది. ఆ తర్వాత అడిగినవాళ్ళకు అడిగినట్టే మార్చాను. దానివల్ల జంగుకి ఒరిగింది ఏమీ లేదు.

పది రోజుల తర్వాత కుట్లు విప్పించుకుని వచ్చిన గోవింద్, నా మొహం వాడి ఉండటం చూసి నాకే ధైర్యం చెప్పాడు. "మీరంత రాసినా పంపిండ్రంటే, మీరు మాత్రం ఏం చేస్తరు సార్?"

నేను తల ఊపాను. ఇప్పటికీ అతనికి నిజం చెప్పలేదు.