బాబాయి వదిలే రెండంగుళాలు

మా బాబాయి ఏది చేసినా రెండంగుళాలు పెద్దదిగానే చేస్తాడు. లోకం దాన్ని పొరపాటు అంటుంది, ఆయన పద్ధతి అంటాడు. నలభై ఏళ్ళు దర్జీగా బతికిన మనిషి. గుడ్డ కనబడితే చాలు, కొంత లోపలికి మడిచి కుట్టేయాల్సిందే. తర్వాత విప్పుకోవచ్చు అన్నది ఆయన జీవిత సిద్ధాంతం.

నా స్కూలు ప్యాంట్లన్నీ ఆయన చలవే. ఆ ప్యాంటులోకి నేను దిగితే, లోపల ఎక్కడున్నానో మాస్టారు వెతుక్కోవాల్సి వచ్చేది. ఏటా కింద ఒక మడత విప్పేవాడు. విప్పిన చోట అడ్డంగా ఒక గీత మిగిలేది. ఏడో తరగతిలో ఒక గీత, ఎనిమిదిలో రెండు, పదికి వచ్చేసరికి నాలుగు. క్లాసులో నా అసలు పేరు అందరూ మరిచిపోయి 'గీతలోడు' అని పిలిచేవాళ్ళు.

గుడ్డతో ఆగి ఉంటే ఇబ్బంది లేదు. గుడ్డ మెత్తనిది, ఎన్నిసార్లు మడిచినా నోరెత్తదు. కానీ చూపు తగ్గి, సూదిలోకి దారం ఎక్కక, ఆయన కొట్టు మూసేసి మా ఇంటికి వచ్చేశాడు. మూడు నెలలు వరండాలో కూర్చుని ఒకే తువ్వాలుని మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు. నాలుగో నెలలో ఒక రంపం, ఉలి, చిత్రిక కొనుక్కొచ్చి మా కారు షెడ్డులో దిగాడు. రంపానికి దారం ఎక్కించక్కర్లేదుగా అన్నాడు. కారు వీధిలో చెట్టు కిందికి పోయింది. ఆ కబురు ఊళ్ళో పక్షులన్నిటికీ ఎలా అందిందో తెలియదు.

కొయ్య మీద ఆయన దర్జీ సుద్దతోనే గీసేవాడు. మేకులు గుండుసూదుల్లా పెదాల మధ్య పెట్టుకునేవాడు. రంపం కోస్తున్నంతసేపూ కుడికాలు కుట్టుమిషను తొక్కుతున్నట్టు ఆడుతూనే ఉండేది. మా ఆవిడ వంటింట్లోకి స్టూలు కావాలంటే, జాకెట్టుకి ఆది అడిగినట్టు, "ఆది స్టూలు ఒకటి ఇవ్వమ్మా" అన్నాడు. స్టూలే ఉంటే మిమ్మల్నెందుకు అడుగుతానని ఆవిడ అడిగింది. ఆ ప్రశ్నలో తప్పేమిటో నాకైతే కనబడలేదు.

ఆది లేకుండానే స్టూలు తయారైంది. పొడుగులో రెండంగుళాలు వదిలాడు, పీటలో వదిలాడు, కాళ్ళ మధ్య అడ్డపట్టీలో కూడా వదిలాడు. దాన్ని ఎక్కాలంటే ముందు ఇంకో స్టూలు ఎక్కాలి. తర్వాత బీరువాకి సొరుగు చేశాడు. అది లోపలికి పోకుండా బయటే నిలబడిపోయి, వచ్చేపోయే వాళ్ళ నడుముల్ని పలకరించేది. మా ఇంట్లో అందరికీ ఎడమవైపు ఒకే చోట కమిలి ఉండేది.

పలకలు దింపడానికి వచ్చిన వడ్రంగి ఆ స్టూలు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

"బాబాయ్, ఒకసారి కోశాక కొయ్య ఇంక పెరగదు" అన్నాడు, ఎంతో మర్యాదగా.

"కొయ్య పెరగదయ్యా. కూర్చునేవాళ్ళు పెరుగుతారుగా?"

వడ్రంగి నా వైపు చూశాడు. నేను కారు వైపు చూశాను.

మా ఆవిడ చెడ్డది కాదు. రోజూ ఆఫీసుకి పోయే ముందు అరగంట కారు అద్దం మీద పక్షుల ప్రసాదం కడుక్కునేది మాత్రం ఆవిడే. ఒకరోజు ఆ బక్కెట్టుతోనే షెడ్డు ముందు నిలబడి గడువు పెట్టింది. "మావయ్యగారూ, అమ్మాయికి చదువుకునే బల్ల చెయ్యండి. స్కూళ్ళు తెరిచేలోగా. దానికి సరిగ్గా సరిపోతే షెడ్డు మీది. రవ్వంత ఎక్కువైనా, షెడ్డు కారుది."

బాబాయి తలూపాడు. నాకు మాత్రం వరండా, ఆ తువ్వాలు గుర్తొచ్చి భయం వేసింది. షెడ్డు పోతే ఆయన మళ్ళీ ఆ మడతల్లోకే పోతాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, ఈయనకి ఉన్న గడువు నెలరోజులే.

మూడో తరగతిలోకి వెళ్ళబోతున్న మా అమ్మాయిని నిలబెట్టి కొలతలు తీసుకున్నాడు. బల్లకి భుజాల కొలత, చేతుల పొడుగు ఎందుకని అడిగితే, మోకాళ్ళొక్కటే చదువుకుంటాయా అని ఎదురడిగాడు. ట్రయల్ దాకా ఎవరూ చూడకూడదని షెడ్డు తలుపు వేసేసుకున్నాడు.

స్కూళ్ళు తెరిచే ముందురోజు బల్ల బయటికి వచ్చింది. మా అమ్మాయి కూర్చుంది. మోకాళ్ళు ఆనలేదు, మోచేతులు ఎత్తాల్సిన పని రాలేదు. మా ఆవిడ తనే టేపు పట్టి రెండుసార్లు కొలిచింది. కొలిచినట్టు కుదిరింది. బల్ల కాళ్ళు మాత్రం స్తంభాల్లా లావుగా ఉన్నాయి. ఆవిడ మాట తప్పే మనిషి కాదు, షెడ్డు మీదే అంది.

నేను సంతోషించాలి. కానీ నాకు దిగులేసింది. పాపం, ఒక షెడ్డు కోసం నలభై ఏళ్ళ పద్ధతిని వదులుకున్నాడు. ఆయన మాత్రం హాయిగా వక్కపలుకు నములుతూ కూర్చున్నాడు.

ఏడాది తిరిగింది. ఒకరోజు మా అమ్మాయి హోంవర్కు చేస్తూ, మోకాలు బల్లకి కొట్టుకుంటోందని గొణిగింది. మా ఆవిడ నన్ను పట్టుకుంది. "చూశారా? అన్నిచోట్లా వదిలే మనిషి, వదలాల్సిన ఒక్కచోటా వదల్లేదు."

మాట షెడ్డులోకి వినబడినట్టుంది. బాబాయి సుత్తి పట్టుకుని వచ్చి బల్ల కింద పడుకున్నాడు. నాలుగు కాళ్ళకీ ఉన్న చెక్క చీలలు తట్టి బయటికి తీసి, నన్ను బల్ల కాస్త పైకెత్తమన్నాడు. ఎత్తాను. ఆ లావు కాళ్ళ లోపలినుంచి వేరే కాళ్ళు కిందికి జారాయి. సరిగ్గా రెండంగుళాలు. చీలలు మళ్ళీ దిగగొట్టాడు.

"మడత విప్పానమ్మా" అన్నాడు మనవరాలితో. "ఇంకా మూడున్నాయి. కాలేజీ దాకా బల్ల కావాలని నువ్వు ఎవర్నీ అడగక్కర్లేదు."

నేను వంగి చూశాను. పాత కొయ్యకీ, ఇప్పుడే వెలుగు చూసిన కొయ్యకీ రంగు తేడా. మధ్యలో అడ్డంగా ఒక గీత.

ఆ గీతని నేను ఎరుగుదును. మా నాన్న పోయిన ఏడాది నేను ఆరో తరగతి. తర్వాత ప్రతి వేసవిలోనూ బాబాయి వచ్చి, కుట్టు ఊడినట్టుంది చూస్తానంటూ నా ప్యాంట్లు పట్టుకెళ్ళేవాడు. స్కూళ్ళు తెరిచేసరికి తెచ్చి ఇచ్చేవాడు. పదో తరగతి అయ్యేదాకా నా బట్టల కోసం మా అమ్మ ఎవరి గుమ్మమూ తొక్కలేదు, చివరికి బాబాయిని కూడా అడగలేదు. ఇన్నేళ్ళూ ఆ గీతల గురించి నలుగురిలో చెప్పి నవ్వించాను. బల్ల కిందికి వంగితే గానీ బుద్ధి రాలేదు. సిగ్గేసింది, ఆయన మీద చెప్పలేనంత ప్రేమా కలిగింది.

"బాబాయ్, నా ప్యాంటుకి ఎన్ని మడతలు పెట్టావు?"

"ఐదు" అన్నాడు లేచి మోకాళ్ళు దులుపుకుంటూ. "నువ్వు నాలుగే ఎదిగావు. ఒకటి దండగైపోయింది."

మా ఆవిడ కాసేపు ఆ బల్లనీ బాబాయినీ మార్చి మార్చి చూసింది. తర్వాత నన్ను చూపించి, మీ అబ్బాయి కూర్చోవడానికి కూడా ఒక కుర్చీ చెయ్యండి మావయ్యగారూ అంది. ఆగి, కాస్త వదులుగానే చెయ్యండి అని కూడా అంది.

బాబాయి మెడలోని టేపు తీసి నా నడుం చుట్టూ తిప్పాడు. కొలత చూసి, ఇంకొంచెం లాగి, మళ్ళీ చూసి సంతృప్తిగా తల పంకించాడు.

"ఆ మిగిలిన మడత ఇక్కడికి సరిపోతుందిరా" అన్నాడు.